ఎడమచేతి వాటం కోసం ఆరు రోజులు

మా ఇంట్లో నన్ను అనుమానం పక్షి అంటారు. పాల పాకెట్ మీద తేదీ చూస్తాను, వాసన చూస్తాను, కాచిన తరవాత కూడా విరుగుతాయేమోనని స్టవ్ దగ్గరే నిలబడతాను. ఈ గుణానికి జీతమిచ్చే ఉద్యోగం ఒకటుందని నాకు నలభయ్యో ఏట తెలిసింది.

అమెరికాలో బేస్‌బాల్ ఆడే ఒక పెద్ద జట్టుకు నేను హైదరాబాద్‌లో కూర్చుని పనిచేస్తాను. ఆ పెద్ద జట్టు కింద మెట్లు మెట్లుగా కొన్ని చిన్న జట్లుంటాయి. ఎక్కడెక్కడి నుంచో ఏరి తెచ్చిన కుర్రాళ్లను అడుగు మెట్టు మీద నిలబెట్టి, సత్తా ఉన్నవాణ్ణి పైమెట్టుకి పంపుతారు, లేనివాణ్ణి ఇంటికి పంపుతారు. బంతి విసిరేవాణ్ణి పిచర్ అంటారు. మన బౌలర్ లాంటివాడే గాని, బంతి నేలను తాకకూడదు. మోచెయ్యి వంచకూడదన్న నియమం మాత్రం లేదు. క్రికెట్‌లో ఏ పనికి అంపైర్ నోబాల్ అంటాడో ఇక్కడ అదే అసలు పని. అందుకే ఈ ఆటలో ముందుగా చెడేది మోచెయ్యి. పిచర్ల వీడియోలు చూసి, వేగం లెక్కగట్టి, ఎవడు పైకి వెళ్తాడో ఎవడు వెళ్లడో రాసివ్వడం నా పని.

కిందటేడు నేను బాగున్నాడని రాసిచ్చిన ఒకతని మోచెయ్యి రెండు నెలలకే చెడింది. నొప్పి దాచుకుని మాకు వీడియోలు పంపాడని తరవాత బయటపడింది. మా పైఅధికారి కోప్పడలేదు. "పద్మజా, నీ అనుమానం ఎక్కడికి పోయింది?" అని మాత్రం అడిగాడు. నాలుగు తిట్టినా బాగుండేది.

అలాంటి సమయంలో న్యూజిలాండ్ నుంచి సాకేత్ అనే కుర్రాడి వీడియో వచ్చింది. పంతొమ్మిదేళ్లు, తెలుగువాడు, పైగా ఎడమచేతి వాటం. ఎడమచేత్తో విసిరే పిచర్లు అరుదు, అందుకే వాళ్ల కోసం జట్లన్నీ కాచుకుని ఉంటాయి. గంటకు తొంభై ఒక్క మైళ్ల వేగమని వీడియో కింద రాసి ఉంది. నేను వెళ్లి చూసి సరేనంటే అతను మార్చిలో అమెరికా శిబిరానికి వెళ్లాలి. దానికోసం ఆక్లాండ్‌లో ఇంజనీరింగ్ సీటు వదులుకోవాలి. చేతికి పూర్తి స్కాన్ అక్కడ దిగాకే తీస్తారు. అందులో తేడా వస్తే వెనక్కి పంపేస్తారు, అప్పటికి ఇక్కడి సీటూ ఉండదు. ఈసారి నేను తప్పితే నా ఉద్యోగమూ అంతే. తెలుగింటి పిల్లాడు కాబట్టి నిజాలు నువ్వే రాబట్టగలవని మా అధికారి నన్నే పంపాడు. అది 2018 జనవరి, వాళ్లకి నడివేసవి.

న్యూ లిన్: పాలకొట్టు కాని డెయిరీ

ఆక్లాండ్ విమానాశ్రయంలో నా పెట్టె తెరిచారు. గోంగూర పచ్చడి సీసా పక్కన తుపాకీలా ఉన్న వస్తువు కనబడితే తెరవరా మరి. అది బంతి వేగం కొలిచే స్పీడ్ గన్ అని చెప్పాను. ట్రాఫిక్ పోలీసువా అని అడిగాడు అధికారి. కాదన్నాను. గన్ సంగతి అక్కడితో వదిలేసి, నా బూట్లు తిప్పి అడుగున మట్టి చూశాడు. లోపలికి తీసుకెళ్లి శుభ్రంగా కడిగించి తెచ్చిచ్చాడు. పరాయి మట్టిని కూడా అనుమానించే దేశం. దిగగానే నాకు నచ్చేసింది.

బస ఆక్లాండ్ శివారు న్యూ లిన్‌లో. రైలు స్టేషన్, దాని చుట్టూ అపార్ట్‌మెంట్లు, ఒక పెద్ద మాల్. మాల్‌లో ఇద్దరు పెద్దమనుషులు చెప్పుల్లేకుండా, వేలికి కారు తాళం తిప్పుకుంటూ కూరగాయలు కొంటున్నారు. చెప్పులు ఎవరైనా కొట్టేశారేమోనని జాలిపడ్డాను. బయటికొచ్చాక చూస్తే సగం వీధి అలాగే నడుస్తోంది. మన దగ్గర గుడి బయట విడిస్తే కంగారు, వీళ్లు అసలు వేసుకోకుండానే వచ్చేస్తారు.

సందు చివర డెయిరీ అని బోర్డు చూసి పాలకోసం వెళ్లాను. పాలు ఒక మూల ఉన్నాయి గాని, మిగతాదంతా చాక్లెట్లు, సిగరెట్లు, బ్రెడ్డు, మాంసం కూరి కాల్చిన 'పై' అనే రొట్టె. ఇక్కడ డెయిరీ అంటే మన వీధి చివర కిరాణా కొట్టన్నమాట. ఆ రొట్టె నాలుగున్నర డాలర్లు. గల్లా దగ్గర కూర్చున్న అమ్మాయి నా ఇంగ్లీషు రెండు మాటలు వినగానే తెలుగులోకి దిగింది. పేరు స్రవంతి, వరంగల్ నుంచి చదువుకోడానికి వచ్చి ఇక్కడే స్థిరపడింది. సాకేత్ సంగతి మెల్లగా కదిపాను.

"ఆ పిలగాడా? మస్తు మంచోడు ఆంటీ. గుడికాడ అందరు ఆనిదే ముచ్చట," అంది. "గిసొంటి బుద్ధిమంతుడు ఈడ పుట్టిపెరిగినోల్లల్ల దొరకడు."

అందరూ మంచివాడంటే నాకు ఇంకో అనుమానం. మంచివాడు కావడానికి ఏం దాస్తున్నాడో చూడాలనుకుంటూ పాలు పట్టుకుని గదికి వచ్చాను. రాత్రి ఎనిమిదవుతున్నా ఎండ కాస్తూనే ఉంది. గడియారాన్ని నమ్మక ఫోన్‌లో మళ్లీ చూసుకున్నాను.

మైదానం: ముప్పై బంతులు

మర్నాడు మైదానానికి వెళ్లాను. కోచ్ పేరు గ్రాంట్. అరవై ఏళ్లుంటాయి, చేతులు బండగా, మొహం ఎండకు కమిలి ఉంది. ఈ దేశంలో పేర్లన్నీ కత్తిరించి వాడతారు. చెయ్యి కలిపిన రెండో నిమిషానికే నేను ప్యాడ్ అయిపోయాను.

సాకేత్ పొడుగ్గా, సన్నగా ఉన్నాడు. వచ్చి నమస్కారం పెట్టాడు. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం సగం ఇంగ్లీషులో వస్తుంది. నేను నిలబడే ఉన్నానని కుర్చీ తెచ్చాడు, నా నీళ్ల సీసా కిందపడితే తీసిచ్చాడు. కుడిచేత్తో ఇచ్చాడు. ఎడమచేతి వాటం ఉన్నవాడు గుర్తుపెట్టుకుని కుడిచెయ్యి చాపడం చూసి ముచ్చటేసింది. మా అబ్బాయికి రెండు చేతులూ ఒకటే, ఏ చెయ్యి ఖాళీగా ఉంటే అది చాపుతాడు. నా పుస్తకంలో మొదటి మాట "మంచి పెంపకం" అని రాసుకున్నాను. నా పుస్తకంలో మెచ్చుకోలుతో మొదలైన పేజీ అదొక్కటే.

తరవాత అనుమానాలు మొదలయ్యాయి. గ్రాంట్ గన్ ఎనభై తొమ్మిది చూపిస్తోంది. నా గన్ తీస్తే ఎనభై ఎనిమిది. తొంభై ఒకటి ఏది అని అడిగాను. గాలి ఎదురుగా ఉందన్నాడు గ్రాంట్. వంపు తిరిగే బంతి వెయ్యమన్నాను. ఈ గాలిలో అది సరిగ్గా రాదని కుర్రాడన్నాడు. సరిగ్గా ముప్పై బంతులవగానే గ్రాంట్ చప్పట్లు కొట్టి చాలన్నాడు. శనివారం క్రైస్ట్‌చర్చ్‌లో ఎంపిక ఆట ఉంది, అంతకుముందు ముప్పైకి మించి విసరనివ్వనన్నాడు.

నాకు అంతా తేటతెల్లమైపోయింది. గ్రాంట్ వీడియోలో అంకెలు పెంచాడు. కుర్రాడికి వంపు బంతి రాదు, అది దాచడానికి గాలిని అడ్డం పెట్టుకున్నారు. ముప్పై తరవాత వేగం పడిపోతుంది, అందుకే ఆపేశాడు. మూడూ కోచ్ పేరు కింద వరసగా రాసుకున్నాను. నా వెనక గట్టు మీద ఫోన్ పెట్టి, మొత్తం గంటన్నరా వీడియో తీసుకున్నాను.

హాబ్సన్‌విల్: రాగిసంగటి, బహుధాన్య నామ సంవత్సరం

గురువారం సాకేత్ వాళ్లింట్లో భోజనం. హాబ్సన్‌విల్‌లో ఇళ్లన్నీ కొత్తవి, ఒకే రంగు, ఒకే ఎత్తు. నంబరు మీద నమ్మకం లేక కిటికీలో గుమ్మడికాయ బొమ్మ చూసి, దిష్టికి పెట్టిందే అనుకుని, ఆ ఇంటి ముందు దిగాను. తప్పు ఇల్లు. తలుపు తీసిన చైనా ముసలాయన నవ్వి పక్కింటి వైపు చూపించాడు. గుమ్మడికాయ ఆయనదే, అమెరికా వాళ్ల దెయ్యాల పండగకి పెట్టి తియ్యడం మర్చిపోయాడట.

సాకేత్ తల్లి విమలది అనంతపురం. బ్యాంకులో కంప్యూటర్ ఉద్యోగం. భర్త శ్రీధర్ కట్టడాల ఇంజనీరు, 2011 భూకంపం తరవాత క్రైస్ట్‌చర్చ్‌ని మళ్లీ కడుతున్నవాళ్లలో ఒకడు, పదిహేను రోజులకోసారి ఇంటికొస్తాడు. సాకేత్‌ని నాలుగో ఏట ఇక్కడికి తెచ్చారు.

రాగిసంగటి, ఊరుమిండి అనే రోటిపచ్చడి, చెనిక్కాయల పొడి చేసింది విమల. రాగిపిండి ఇక్కడ కిలో ఎనిమిది డాలర్లట. ముద్దను చూడగానే మా తెనాలి నాలుక కొంచెం జంకింది గాని, రెండో ముద్ద అడిగి పెట్టించుకున్నాను. తింటూనే నా పని మొదలుపెట్టాను. ఈ ఆటలో వయసు తగ్గించి చెప్పేవాళ్లు చాలామంది. పాస్‌పోర్టు అడిగితే నొచ్చుకుంటారు. అందుకని అబ్బాయికి సంబంధాలు చూస్తున్నారా అని మొదలుపెట్టి, నక్షత్రం ఏమిటన్నాను, ఏ నామ సంవత్సరంలో పుట్టాడన్నాను. బహుధాన్య, శ్రావణమాసం, ఉత్తరాషాఢ రెండో పాదం అని ఆమె తడుముకోకుండా చెప్పింది. బల్ల కింద వేళ్ల మీద ప్రమాది, విక్రమ, విషు అంటూ లెక్కబెట్టాను. పంతొమ్మిది నిండాయి. నక్షత్రం పాదంతో సహా అబద్ధమాడే తల్లి ఉండదు.

సాకేత్ వడ్డనలో సాయం చేస్తున్నాడు. నెయ్యిగిన్నె, మజ్జిగ గ్లాసు, చివర్లో నాకు తాంబూలం, అన్నీ కుడిచేత్తోనే. బావుందే అన్నాను పైకే. ఆ మాటకి విమల మొహం వెలిగిపోయింది.

"చిన్నప్పటి నుంచి చెప్పి చెప్పి నా నోరు పడిపోయె అక్కా," అంది. "హారతి ఎడమచేత్తో తీసుకునేవాడు, పెద్దోళ్లకి ఎడమచేత్తో ఇచ్చేవాడు. గుళ్లో నాకు తలకాయ ఎత్తుకోలేనట్ల ఉండేది. ఈ రెండు మూడు నెలలుగా చూస్తాండా, నేను చెప్పకనే మారినాడు. దేవుడే బుద్ధి ఇచ్చినాడు."

సాకేత్ తలవంచుకుని గిన్నెలు తీస్తున్నాడు. సిగ్గుపడుతున్నాడనుకున్నాను. ఇలాంటి పిల్లలు మన ఊళ్లలో కూడా లేరని నేను మరి రెండు మాటలు కలిపాను. విమల నాకు ఇంకో గరిటె నెయ్యి వేసింది. వెళ్లేటప్పుడు జాకెట్టు గుడ్డ పెట్టి, గుమ్మంలో నా చెయ్యి పట్టుకుని, సీటు సంగతి ఈ నెలాఖరుకల్లా కాలేజీకి చెప్పెయ్యాలని, వాడి బతుకు నా మాట మీద ఉందని అంది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. ఈ పిల్లాడు నెగ్గితే బాగుండునని అప్పుడే అనిపించింది, అలా అనిపించినందుకు నా మీద నాకే అనుమానం వచ్చింది.

క్రైస్ట్‌చర్చ్: ఎవరూ లేని పళ్లబండి

శుక్రవారం జట్టుతోపాటు నేనూ క్రైస్ట్‌చర్చ్ చేరాను. శ్రీధర్ వచ్చి ఊరు చూపించాడు. నడిబొడ్డున ఒక కొత్త అద్దాల మేడ, దాని పక్కన ఖాళీ స్థలం, మళ్లీ ఒక మేడ, మళ్లీ ఖాళీ స్థలం. ఖాళీల్లో కార్లు నిలిపి ఉన్నాయి. భూకంపం వచ్చి ఏడేళ్లయినా ఊరు పూర్తిగా లేవలేదు. నేను దిగిన మోటెల్ గోడలు నిలుస్తాయా అని అడిగాను. అతను మర్యాదగా చుట్టూ తిరిగి, పునాది దగ్గర వంగి చూసి, రెండు రాత్రులకి ఫరవాలేదన్నాడు. అది హాస్యమో నిజమో తెలియక రాత్రి తలుపు పక్కన బూట్లు సిద్ధంగా పెట్టుకుని పడుకున్నాను.

ఊరి బయట రోడ్డు పక్కన ఒక చెక్కబల్ల, దాని మీద సంచుల్లో రేగిపళ్లంత నల్లటి ప్లమ్ పళ్లు, ఒక డబ్బా. సంచి మూడు డాలర్లు, డబ్బాలో వేసి తీసుకుపోండి అని రాసి ఉంది. మనిషి లేడు. చెట్టు వెనక ఎవరో దాక్కున్నారేమోనని చూశాను. కెమెరా కోసం వెతికాను. చివరికి శ్రీధర్ని కారు కొంచెం దూరంగా ఆపమని, పావుగంట కాపలా కాశాను. మూడు కార్లొచ్చాయి. ముగ్గురూ డబ్బులేసి పళ్లు తీసుకుపోయారు. శ్రీధర్ గడియారం చూసుకుంటూ ఓపిగ్గా కూర్చున్నాడు. నేనూ మూడు డాలర్లు వేసి ఒక సంచి తెచ్చుకున్నాను. పళ్లు పుల్లగా ఉన్నాయి. మోసం అక్కడ ఉందని కాస్త ఊరట కలిగింది.

జోన్ గారి సీసా మూత

మోటెల్ నడిపే జోన్‌కి డెబ్బై దాటాయి. జట్టు కుర్రాళ్లందరికీ తనే ఉదయం టిఫిన్ పెడుతుంది. శనివారం పొద్దున నేను ఆలస్యంగా వెళ్లేసరికి కుర్రాళ్లు తినేసి లేచిపోయారు. జోన్ టీ పోస్తూ, ఆ పొడుగాటి భారతీయుడు కూడా ఆడతాడా అని అడిగింది. ఆడటమేమిటి, ఇవాళ ఆట అతనిదే, ఎడమచేత్తో విసురుతాడు, నేను అంత దూరం నుంచి వచ్చింది అందుకే అన్నాను. జోన్ కూజా కిందపెట్టింది.

తనదీ ఎడమచెయ్యేనట. ఎక్కడున్నా ఇంకో ఎడమచేతివాణ్ణి ఇట్టే పట్టేస్తుందట, ఇతను మాత్రం కుడిచేతివాడే అనుకుందట. నిన్న టీ దగ్గర, ఇవాళ టిఫిన్ దగ్గర అన్నీ కుడిచేత్తోనే చేశాడంది. నేను నవ్వాను. మా దగ్గర ఎడమచేత్తో ఇవ్వడం, పుచ్చుకోవడం మర్యాద కాదని, అన్నం కుడిచేత్తోనే తింటామని, ఇతని తల్లి మరీ పట్టుగా నేర్పిందని అయిదు నిమిషాలు ఉపన్యాసం ఇచ్చాను. ఎంతో గర్వంగా ఇచ్చాను. జోన్ మొత్తం వింది.

"సరే," అంది. "ఇవ్వడం, పుచ్చుకోవడం, తినడం. అర్థమైంది. మరి సీసా మూత తియ్యడానికి కూడానా?"

నాకు అర్థం కాలేదు. ఆమె నారింజ జామ్ సీసా తీసుకుని, కుర్చీలో కూర్చుని, మోకాళ్ల మధ్య ఇరికించుకుని, కుడిచేత్తో మూత తిప్పి చూపించింది. సాకేత్ అలా తీశాడట. ఎడమచెయ్యి ఒళ్లో పెట్టుకునే ఉన్నాడట.

గదికి పరిగెత్తి బుధవారం వీడియో పెట్టాను. ఆ వీడియో నేను అప్పటికే నాలుగుసార్లు చూశాను. నాలుగుసార్లూ బంతి విసిరే క్షణాలే చూశాను. ఇప్పుడు బంతికీ బంతికీ మధ్య చూశాను. నీళ్ల సీసా మూత పళ్లతో తీశాడు. కుర్చీని కుడిచేత్తో ఎత్తాడు, టోపీ కుడిచేత్తో సర్దుకున్నాడు, సంచి కుడిభుజానికి వేసుకున్నాడు. ఎడమచెయ్యి ముప్పైసార్లు బంతి విసిరింది, మిగతా గంటన్నరలో వేరే ఏ పనీ చెయ్యలేదు. కోచ్‌ని అనుమానించాను, గాలిని అనుమానించాను, బహుధాన్య సంవత్సరాన్ని అనుమానించాను. మర్యాదను అనుమానించాలని మాత్రం తట్టలేదు. పప్పులో కాలేశాను అనుకుంటే చిన్నమాట.

శనివారం: చాపని చెయ్యి

సాకేత్ మోటెల్ వెనక బట్టలారేసే తీగ దగ్గర ఒంటరిగా ఉన్నాడు.

"చెయ్యి చాపు నాన్నా," అన్నాను.

కుడిచెయ్యి చాపాడు.

"అది కాదు."

అతను నా మొహంలోకి చూశాడు. తరవాత ఎడమచెయ్యి ముందుకు పెట్టాడు. మోచెయ్యి దగ్గర ఆగిపోయింది. ఇంకాస్త చాపబోతే పెదవి కొరుక్కున్నాడు. వద్దని నేనే పట్టుకున్నాను. లోపలివైపు వేడిగా, కొంచెం వాచి ఉంది.

నవంబరు నుంచి నొప్పట. మొదట్లో కండరాలు పట్టేశాయనుకున్నాడట. గ్రాంట్‌కి చెప్తే ఆపేస్తాడని చెప్పలేదు. వంపు బంతి తప్ప మిగతావి పళ్ల బిగువున విసిరెయ్యొచ్చు, ఆ తరవాత రోజంతా గ్లాసు కూడా ఎత్తలేడు. ఇంట్లో పట్టుకుంటారని చాలా భయపడ్డానన్నాడు.

"అమ్మ అడుగుతుందనుకున్నా ఆంటీ," అన్నాడు. "బట్ షి వాజ్ సో హ్యాపీ. రైట్ హ్యాండ్ యూజ్ చేస్తున్నానని టెంపుల్‌లో అందరికీ చెప్పింది. నాన్నకి ఫోన్ చేసి చెప్పింది. దెన్ హౌ డు ఐ టెల్ హర్?"

ఇవాళ ఒక్కరోజు వదిలెయ్యమన్నాడు. విసిరి చూపిస్తానన్నాడు, స్కాన్ లోపల తగ్గిపోతుందన్నాడు. నాకు ఆశ పుట్టలేదని చెప్పను. విసిరితే ఎనభై ఎనిమిది వస్తుంది, ఎడమచేతి పిచర్‌ని పట్టుకొచ్చిందని మా అధికారి మెచ్చుకుంటాడు, నాకు తెలిసిందని ఎవరికీ తెలియదు. ఆ లెక్క రెండు నిమిషాలపాటు నా బుర్రలో తిరిగింది, దానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ఇంకో ఎనభై బంతులు విసిరితే ఆ మోచెయ్యి ఏమవుతుందో అతనికి తెలియకపోవచ్చు, నాకు తెలుసు. వద్దన్నాను. అతను తీగకి నుదురు ఆనించి ఏడ్చాడు. నేను వీపు నిమిరాను.

వెళ్లి గ్రాంట్‌కి అంతా చెప్పాను. కుర్రాళ్ల చేతులు పాడవకూడదనే ముప్పై బంతుల హద్దు పెట్టాడట, అది ఏ కుర్రాడికీ సడలించడట. వీడియోలో తొంభై ఒకటి అక్టోబరులో నిజంగా వచ్చిందే. నాలుగు రోజులుగా మిమ్మల్ని దొంగ అనుకున్నాను, క్షమించండి అన్నాను. సరే ప్యాడ్, నేను వాడి పక్కనే ఉండి చూడలేదు, నన్ను ఇంకేమన్నా అనుకో అన్నాడు.

మైదానంలో ఆ రోజు వేరే కుర్రాడు విసిరాడు. విమల పొద్దుటి విమానంలో వచ్చింది, శ్రీధర్ పని చోటు నుంచి నేరుగా, చొక్కా మీద సున్నం మరకలతో వచ్చాడు. సాకేత్ నా పక్కన నిలబడితే నేనే చెప్పాను. శ్రీధర్ కొడుకు భుజం మీది సంచి తీసి తను వేసుకున్నాడు. విమల తను తెచ్చిన టిఫిన్ డబ్బా మూత తెరవబోతున్నది అలాగే ఆగిపోయింది. ఎప్పటి నుంచి అని ఒక్కమాట అడిగింది. నవంబరు అన్నాడు. ఆమె వేళ్ల మీద ఏవో లెక్కబెట్టుకుంది. కార్తీక పౌర్ణమి, ముక్కోటి, వాడు కుడిచేత్తో హారతి తీసుకున్న రోజులనుకుంటాను.

ఆ సాయంత్రమే రిపోర్టు రాశాను. ఎడమ మోచేతిలో గాయం ఉంది, ఇప్పుడు తీసుకోవద్దు, వైద్యం అయ్యాక ఏడాదికి మళ్లీ చూడాలి, కుర్రాడిలో సరుకుంది అని. తరవాత ఆక్లాండ్‌లో తీసిన స్కాన్‌లో మోచేతి లోపలివైపు ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్ సగం దాకా చిరిగి ఉందని తేలింది. ఆపరేషన్ చేశారు, కాలేజీ సీటు నిలిచింది. నీ అనుమానం తిరిగొచ్చిందన్నమాట అని మా అధికారి మెచ్చుకుంటూ రాశాడు. కనిపెట్టింది నేను కాదు, మోటెల్ నడిపే ఒక పెద్దావిడ అని జవాబిచ్చాను. జోకనుకుని నవ్వే బొమ్మ పంపాడు.

తిరుగు విమానం

ఆదివారం క్రైస్ట్‌చర్చ్ నుంచి ఆక్లాండ్‌కి విమల, నేను ఒకే విమానం, పక్కపక్క సీట్లు. సాకేత్ నాలుగు వరసల ముందు కూర్చున్నాడు. కిటికీలోంచి మంచుకొండలు కనిపిస్తున్నాయి. పిప్పరమెంట్లు పంచుతూ వచ్చిన అమ్మాయి దగ్గర విమల రెండు తీసుకుని ఒకటి నాకిచ్చింది. తన పిప్పరమెంటు విప్పకుండానే నావైపు తిరిగింది.

"అక్కా, ఒక మాట అడుగుతా. నిజం చెప్పండి."

అడగమన్నాను.

"మా ఇంట్లో అన్నం తింటా వాణ్ణి పొగిడితిరే, కుడిచేత్తో ఇస్తాండాడని. అప్పటికే తెలుసు కదా మీకు?"

తెలియదన్నాను.

"చూడడమే కదా మీ పని. దానికే కదా మిమ్మల్ని పంపించింది. నేను తల్లినై ఉండి కూడా చూడలేకపోతి. గుడికి పోయి అందరికీ చెప్పుకుంటి, నా కొడుకు మారినాడని. మీరు అది చూస్తానే, ఇంకా రెండు మాటలు పొగిడి, నేనేం చెప్తానో అని చూసినారు." గొంతులో కోపం లేదు. "చెప్పండి, ఏమీ అనుకోను."

ఆమెకి ఇవ్వగలిగింది నా దగ్గర నిజం ఒక్కటే ఉంది. నేనూ చూడలేదమ్మా అన్నాను. నీలాగే మురిసిపోయాను, పుస్తకంలో మొదటి మాట మంచి పెంపకం అనే రాసుకున్నాను, సీసా మూత చూసి చెప్పింది ఇంకెవరో అన్నాను. పుస్తకం తీసి ఆ పేజీ చూపించాను కూడా.

విమల ఆ పేజీ చదివింది. తరవాత తలెత్తి నా మొహాన్ని పరీక్షగా చూసింది, కుర్రాళ్ల మొహాలు నేను చూసినట్టు.

నమ్మలేదు.